కాంగో రెడ్ స్టెయిన్: ఎర్రగా పడితే సరిపోదు

కిడ్నీ బయాప్సీ బ్లాక్ (మైనంలో పొదిగిన కణజాలం ముక్క) ఒకటి మీ టేబుల్ మీద పెట్టి "అమైలాయిడ్ ఉందేమో చూడండి" అని డాక్టర్‌గారు వెళ్లిపోయారనుకుందాం. అమైలాయిడ్ అంటే కణజాలంలో పేరుకుపోయే అసహజ ప్రొటీన్. హెచ్ అండ్ ఈ (రోజూ వాడే మామూలు స్టెయిన్) స్లైడ్‌లో గ్లోమెరులస్ (కిడ్నీలో రక్తాన్ని వడపోసే చిన్న గుత్తి) నిండా లేత గులాబీ రంగు ముద్ద కనిపిస్తోంది. అది అమైలాయిడ్ కావచ్చు, మామూలు పీచు పదార్థమైనా కావచ్చు. తేల్చడానికి వందేళ్లుగా నడుస్తున్న పద్ధతి ఒకటే. కాంగో రెడ్ అనే డై వేసి, ఒకే దిశలో కంపించే పోలరైజ్డ్ లైట్‌లో చూడాలి.

నిమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రుల ల్యాబుల్లో ఈ స్టెయిన్ చేతికి అలవాటై ఉంటుంది. చిక్కంతా ఎప్పుడో ఒకటి వచ్చే చిన్న ల్యాబులకే. డై పాతదై ఉంటుంది, కంట్రోల్ (అమైలాయిడ్ ఉందని ముందే తెలిసిన పోలిక స్లైడ్) ఉండదు, పోలరైజ్డ్ లైట్ తెప్పించే ఫిల్టర్ అయిన పోలరైజర్ ఏ డ్రాయర్‌లో ఉందో ఎవరికీ గుర్తుండదు. పైగా చాలామంది స్లైడ్ ఎర్రగా కనబడగానే పాజిటివ్ అని రాసేస్తారు. ఎరుపు అనుమానానికి మాత్రమే ఆధారం. రిపోర్ట్ రాయాల్సింది పోలరైజ్డ్ లైట్‌లో వచ్చే పచ్చరంగు (ఆకుపచ్చ) చూసి. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం ఆ పచ్చరంగు కోసమే.

పని మొదలుపెట్టే ముందు డై గురించి రెండు ముక్కలు తెలిస్తే తర్వాత చేసేవాటికి కారణాలు అర్థమవుతాయి. కాంగో రెడ్ వైద్యం కోసం పుట్టింది కాదు. 1880లలో జర్మనీలో పాల్ బోటిగర్ అనే కెమిస్ట్ నూలు బట్టకు నేరుగా పట్టే రంగుగా తయారు చేశాడు. అమైలాయిడ్‌కు ఈ రంగు పడుతుందని 1922లో బెన్‌హోల్డ్ గమనించాడు. అలా రంగు పట్టిన అమైలాయిడ్ పోలరైజ్డ్ లైట్‌లో పచ్చగా మెరుస్తుందని 1927లో డివ్రీ చూపించాడు. అమైలాయిడ్‌లో ప్రొటీన్ గొలుసులు బీటా షీట్లుగా మడతపడి, పొడవాటి దారాల్లా పేరుకుని ఉంటాయి. డై అణువులు ఆ దారాల వెంబడి ఒకే దిశలో వరుసగా అతుక్కుంటాయి. పచ్చ మెరుపు ఆ వరుస వల్లే వస్తుంది. డై చెల్లాచెదురుగా అంటుకున్నచోట ఎరుపు ఉంటుంది, మెరుపు ఉండదు.

సెక్షన్ మందం

ఎక్కువ స్లైడ్లు పాడయ్యేది ఇక్కడే. మామూలు సెక్షన్లు (బ్లాక్ నుంచి కోసిన పలచటి పొరలు) 3, 4 మైక్రాన్లలో తీస్తాం. కిడ్నీ బయాప్సీ అయితే ఇంకా పలచగా, 2, 3 మైక్రాన్లకే తీసే అలవాటు. కాంగో రెడ్‌కు అది చాలదు. సెక్షన్లు కోసే మైక్రోటోమ్‌ను 8 నుంచి 10 మైక్రాన్ల మధ్య పెట్టండి. అమైలాయిడ్ కొంచెమే ఉన్నప్పుడు పలచటి సెక్షన్‌లో పచ్చరంగు కంటికి ఆననంత మసకగా ఉంటుంది. అలాగని 12 దాటించకండి. అప్పుడు అమైలాయిడ్ కానివి కూడా మెరుస్తూ కనిపించి గందరగోళం చేస్తాయి.

మందం సెక్షన్లకు స్లైడ్ మీద పట్టు తక్కువ. తర్వాత క్షార ద్రావణంలో నానబెట్టాలి కాబట్టి ఊడిపోయే ప్రమాదం ఉంది. పాలీ-ఎల్-లైసీన్ పూసిన స్లైడ్లు గానీ, చార్జ్‌డ్ స్లైడ్లు గానీ వాడండి. 60 డిగ్రీల ఓవెన్‌లో కనీసం అరగంట, వీలైతే గంట ఉంచండి. వానాకాలంలో స్లైడ్లు తొందరగా ఆరవు. వాటర్ బాత్ నుంచి తీసిన వెంటనే ఓవెన్‌లో పెట్టకుండా కాసేపు నిలబెట్టి నీళ్లు దిగనివ్వండి.

బ్లాక్‌లోని కణజాలం, చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్‌లో ఎంతకాలం ఉందో కూడా అడిగి తెలుసుకోండి. నెలల తరబడి ఫార్మలిన్‌లో ఉండిపోయిన కణజాలానికి కాంగో రెడ్ సరిగా పట్టదు. అలాంటి బ్లాక్ మీద నెగటివ్ వస్తే దాన్ని పూర్తిగా నమ్మలేం.

కంట్రోల్ లేకుండా చేయకండి

ప్రతి బ్యాచ్‌లో, అంటే ఒక్క పేషెంట్ స్లైడ్ ఉన్నా సరే, ఖాయంగా అమైలాయిడ్ ఉన్న కణజాలం సెక్షన్ ఒకటి పక్కన నడపాలి. మందం కూడా పేషెంట్ స్లైడ్‌కు ఉన్నంతే ఉండాలి. మీ దగ్గర బ్లాక్ లేకపోతే మెడికల్ కాలేజీ పాథాలజీ విభాగాన్ని అడగండి. పెద్ద ల్యాబుల్లో పాత బ్లాకులు దొరుకుతాయి. మన దేశంలో ముదిరిన టీబీ వల్ల వచ్చే సెకండరీ అమైలాయిడోసిస్ ఎప్పటినుంచో ఎక్కువ కాబట్టి, పాత ఆటాప్సీ (శవపరీక్ష) కిడ్నీ, స్ప్లీన్ బ్లాకుల్లో మంచి కంట్రోల్స్ ఉంటాయి. అయితే అమైలాయిడ్ దండిగా ఉన్న బ్లాక్‌ను మాత్రమే కంట్రోల్‌గా పెట్టుకోవడం నాకు నచ్చదు. స్టెయిన్ సగం చెడినా అది పాజిటివ్‌గానే వస్తుంది. రక్తనాళం గోడలో కొంచెంగా ఉన్న కేసు కంట్రోల్‌గా దొరికితే స్టెయిన్ నిజంగా పనిచేస్తోందో లేదో అది చెబుతుంది.

కంట్రోల్ సెక్షన్లు ఒకేసారి వంద కోసి డబ్బాలో దాచకండి. కోసి పెట్టిన సెక్షన్లు పాతబడేకొద్దీ రంగు పట్టే గుణం తగ్గుతుంది. కొన్ని నెలలకు సరిపడా కోసుకుంటే చాలు.

ద్రావణాలు కలపడం

కాంగో రెడ్ వేయడానికి పద్ధతులు చాలా ఉన్నాయి. హైమన్ పద్ధతి త్వరగా అయిపోతుంది గానీ, చివర్లో పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన ఆల్కహాల్‌లో కొన్ని సెకన్లు ముంచి అదనపు రంగు తీయాలి. ఆ సెకన్ల లెక్క చేయి తిరిగినవాళ్లకే కుదురుతుంది. కాస్త ఎక్కువసేపు ఉంచితే అమైలాయిడ్ రంగు కూడా పోతుంది. ఎప్పుడో ఒకసారి చేసే ల్యాబ్‌కు 1962లో పుష్ట్‌లర్ బృందం ఇచ్చిన ఆల్కలైన్ కాంగో రెడ్ పద్ధతి మేలు. ఇందులో రంగు తీసే మెట్టు ఉండదు. అదనపు రంగు పట్టకుండా ఉప్పు, క్షారం ముందే అడ్డుకుంటాయి.

ముందు ఉప్పు ద్రావణం. 4 గ్రాముల సోడియం క్లోరైడ్‌ను 20 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, దానికి 80 మిల్లీలీటర్ల అబ్సల్యూట్ ఇథనాల్ కలపండి. ఉప్పును నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే కరగదు, కాబట్టి ఈ వరుస తప్పొద్దు. ఇథనాల్ పోయగానే కొంత ఉప్పు తెల్లగా అడుగుకు చేరుతుంది. అది చూసి కంగారుపడకండి. ద్రావణం ఉప్పుతో నిండిపోయిందనడానికి అదే గుర్తు.

రెండోది డై స్టాక్. పైన చెప్పిన ఉప్పు ద్రావణం 100 మిల్లీలీటర్లలో 0.2 గ్రాముల కాంగో రెడ్ వేసి బాగా కలిపి, ఒక రాత్రి ఉంచండి. ఈ రెండు స్టాకులూ బిగుతుగా మూసిన సీసాల్లో కొన్ని నెలలు నిలవుంటాయి. మూడోది 1 శాతం సోడియం హైడ్రాక్సైడ్. ఇది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని బలం కోల్పోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా, ప్లాస్టిక్ సీసాలో, తాజాగా చేసుకోండి. "స్టెయిన్ పని చేయడం లేదు" అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ముందుగా అనుమానించాల్సింది ఈ సీసానే.

ఉప్పు సంగతి ఇంకొంచెం. ఇంట్లో నూలు చీరకు రంగు వేసేటప్పుడు నీళ్లలో ఉప్పు వేస్తారు, రంగు బట్టలోకి దిగాలని. ఇక్కడ ఉప్పు అంతకన్నా ముఖ్యమైన పని కూడా చేస్తుంది. కణజాలంలో చార్జ్ ఉన్న చోట్లకు డై అంటుకోకుండా ఆపుతుంది. క్షారం కూడా అటువైపే సాయం చేస్తుంది. ఇక డైకి మిగిలేది హైడ్రోజన్ బంధాలతో పట్టు దొరికే అమైలాయిడ్ దారాలే. అందుకే బ్యాక్‌గ్రౌండ్ శుభ్రంగా వస్తుంది.

ఇథనాల్ బదులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. ఇథనాల్ కొనడానికి ఎక్సైజ్ అనుమతుల తలనొప్పి ఉంది కదా. టిష్యూ ప్రాసెసింగ్‌కు వాడుకోండి, ఇబ్బంది లేదు. కానీ ఈ రెండు ద్రావణాల కొలతలన్నీ ఇథనాల్‌ను లెక్కలోకి తీసుకుని ఇచ్చినవి. వీటికి మాత్రం ఇథనాలే వాడండి.

ఒక హెచ్చరిక. కాంగో రెడ్ బెంజిడీన్ నుంచి వచ్చిన డై. బెంజిడీన్ క్యాన్సర్ కారకం. పొడి తూచేటప్పుడు ఫ్యాన్ ఆపండి, మాస్కు, గ్లవ్స్ వేసుకోండి. వాడేసిన ద్రావణాన్ని సింక్‌లో పారబోయకండి. లేబుల్ వేసిన క్యాన్‌లో పోసి, మీ బయోమెడికల్ వేస్ట్ తీసుకెళ్లే అధీకృత ఏజెన్సీకి కెమికల్ వేస్ట్‌గా అప్పగించండి.

స్టెయినింగ్

స్లైడ్లను జైలీన్‌లో రెండుసార్లు, ఒక్కోసారి 5 నిమిషాలు ఉంచి మైనం తీసేయండి. సెక్షన్ మందంగా ఉంది కాబట్టి ఈ సమయం తగ్గించొద్దు. అబ్సల్యూట్ ఆల్కహాల్, 95 శాతం, 70 శాతం మీదుగా నీళ్లలోకి తీసుకురండి.

న్యూక్లియస్‌లకు నీలం పట్టించే మేయర్ హెమటాక్సిలిన్‌లో 3 నుంచి 5 నిమిషాలు. న్యూక్లియస్‌లు లేత నీలంగా కనిపిస్తే చాలు. ముదురుగా పడితే పోలరైజర్ కింద వెలుగు తగ్గిపోతుంది. తర్వాత కుళాయి నీళ్లలో నీలం తెప్పించాలి. ఇక్కడ మీ ల్యాబ్ నీళ్ల సంగతి చూసుకోవాలి. బోరు నీళ్లు గట్టిగా, క్షారంగా ఉంటాయి కాబట్టి నీలం ఇట్టే వస్తుంది. ఆర్వో నీళ్ల లైను సింక్ దాకా వేసుకున్న ల్యాబుల్లో మాత్రం ఎంతసేపు కడిగినా న్యూక్లియస్‌లు ఎర్రటి ఊదారంగులోనే ఉండిపోతాయి. అలాంటిచోట స్కాట్స్ ద్రావణం (తేలికపాటి క్షార ద్రావణం) గానీ, బాగా పలచన చేసిన అమ్మోనియా నీళ్లు గానీ వాడి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో కడగండి.

ఇప్పుడు అసలు పని. స్లైడ్లు నిలబెట్టే ఒక కాప్లిన్ జార్‌కు 50 మిల్లీలీటర్ల ఉప్పు ద్రావణం తీసుకుని 0.5 మిల్లీలీటర్ల సోడియం హైడ్రాక్సైడ్ కలిపి, ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి. స్లైడ్లను అందులో 20 నిమిషాలు ఉంచండి. ఆ సమయం పూర్తి కావస్తుండగా ఇంకో 50 మిల్లీలీటర్ల డై స్టాక్‌కు అదే కొలత క్షారం కలిపి వడకట్టండి. క్షారం కలిపాక పావుగంటలోపు వాడాలి, అందుకే ముందుగా కలిపి పెట్టుకోవద్దు. స్లైడ్లను నీళ్లలో కడగకుండా మొదటి జార్ నుంచి నేరుగా డై జార్‌లోకి మార్చండి. మళ్లీ 20 నిమిషాలు.

మే నెల ఎండల్లో ఏసీ లేని గదిలో చేస్తుంటే రెండు జార్లకూ మూత తప్పనిసరి. ఆల్కహాల్ ఆవిరైపోతే ఉప్పు, డై స్ఫటికాలుగా సెక్షన్ మీదే పేరుకుంటాయి. ఆ స్ఫటికాలు పోలరైజ్డ్ లైట్‌లో దీపావళి టపాసుల్లా మెరిసి అసలు విషయాన్ని కప్పేస్తాయి.

డై నుంచి తీసి అబ్సల్యూట్ ఆల్కహాల్ మూడు జార్లలో గబగబా ముంచి తీయండి. ఇక్కడ ఆలస్యం పనికిరాదు. తర్వాత జైలీన్, డీపీఎక్స్ (అతికించే జిగురు), కవర్‌స్లిప్. అంతే.

మైక్రోస్కోప్ దగ్గర

మామూలు వెలుగులో ముందు చూడండి. అమైలాయిడ్ ఉన్నచోట ఇటుక రంగు, గులాబీ కలిసిన ఎరుపు కనిపిస్తుంది. ఎక్కడెక్కడ ఉందో గుర్తుపెట్టుకోండి. గ్లోమెరులస్, రక్తనాళాల గోడలు, కిడ్నీ నాళికల మధ్య ఖాళీ, దేనినీ వదలొద్దు.

తర్వాత పోలరైజర్‌ను కండెన్సర్ కింద, అనలైజర్‌ను ఆబ్జెక్టివ్ పైన పెట్టండి. స్లైడ్ లేని ఖాళీ ఫీల్డ్ చూస్తూ ఒకదాన్ని తిప్పుతూ పోతే ఒకచోట పూర్తిగా చీకటి అవుతుంది. ఆ చీకటే మీ సున్నా. దీపాన్ని పూర్తిగా పెంచండి, నీలం ఫిల్టర్ ఉంటే తీసేయండి, కండెన్సర్ డయాఫ్రమ్ తెరవండి, గది లైట్లు ఆర్పేయండి. కిటికీ పక్కన పట్టపగలు పోలరైజర్ వాడి "ఏమీ లేదు" అని రాసే రిపోర్టులు ఎన్నో. కళ్లకు చీకటి అలవాటు కావడానికి రెండు నిమిషాలు ఇవ్వండి.

మొదట కంట్రోల్ చూడండి. అందులో పచ్చ కనిపించకపోతే పేషెంట్ స్లైడ్ జోలికి వెళ్లకండి. లోపం స్టెయిన్‌లోనో మైక్రోస్కోప్‌లోనో ఉంది. కంట్రోల్‌లో పచ్చ కనిపించాకే అసలు స్లైడ్ పెట్టండి. స్టేజ్‌ను గుండ్రంగా తిప్పండి. తిప్పే స్టేజ్ లేకపోతే స్లైడ్‌నే చేత్తో మెల్లగా తిప్పండి. ఒకచోట పచ్చ ఆరిపోయి పక్కన వెలుగుతుంది. దారాలు వేర్వేరు దిశల్లో ఉన్నాయి కాబట్టి అలా జరుగుతుంది. ఒకే భంగిమలో చూసి ఆపేస్తే అమైలాయిడ్ సగం కంటికి తప్పిపోతుంది.

పుస్తకాల్లో యాపిల్ గ్రీన్ అని రాస్తారు గానీ, అచ్చంగా ఆ ఒక్క రంగే కనబడాలని పట్టుబట్టకండి. పోలరైజర్లు, లెన్సులు పక్కాగా లేకపోతే పచ్చతోపాటు పసుపు, నారింజ ఛాయలు కూడా రావడం మామూలే. కానీ పచ్చ ఎక్కడా లేకుండా తెల్లగా, వెండిలా మెరిసేది మాత్రమే కనిపిస్తే అది కొలాజెన్. అమైలాయిడ్ అని రాయకూడదు.

అనుమానంగా ఉంటే, ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ అందుబాటులో ఉంటే, అదే స్లైడ్‌ను రోడమిన్ ఫిల్టర్ కింద చూడండి. కాంగో రెడ్ పట్టిన చోటు నారింజ ఎరుపుగా వెలుగుతుంది. కొంచెం అమైలాయిడ్ ఎక్కడ దాక్కుందో వెతకడానికి ఇది చాలా సాయం. వెతికాక మళ్లీ పోలరైజర్‌కే రండి.

మోసం చేసేవి ఇంకా ఉన్నాయి. సాగే ఎలాస్టిక్ పోగులు, ఈసినోఫిల్ కణాల్లోని రేణువులు ఎరుపు పట్టుకుంటాయి. పిండి ఉన్న గ్లవ్స్ నుంచి రాలిన స్టార్చ్ కణాలు పోలరైజర్ కింద శిలువ గుర్తుతో మెరుస్తాయి. అన్నిటికన్నా పెద్ద దొంగ దూది పోగు. కాంగో రెడ్ పుట్టిందే నూలుకు రంగు వేయడానికి. అందుకే స్లైడ్ తుడిచిన దూది, గాజ్ (పలచటి నూలు) గుడ్డ నుంచి రాలిన పోగు ఎర్రబడటమే కాదు, పచ్చగా కూడా మెరుస్తుంది. ఫోకస్ కొంచెం మార్చి చూడండి. పోగు కణజాలం పైన తేలుతూ, అంచులు స్పష్టంగా, కణాలతో సంబంధం లేకుండా ఉంటుంది.

పొట్ట కొవ్వు ఆస్పిరేట్ (సూదితో పీల్చి తీసిన కొవ్వు) వచ్చినప్పుడు ఒక ప్రశ్న అడగడం మర్చిపోవద్దు. పేషెంట్ ఇన్సులిన్ తీసుకుంటున్నారా, తీసుకుంటే ఎక్కడ గుచ్చుకుంటున్నారు? ఏళ్ల తరబడి ఒకేచోట ఇన్సులిన్ వేసుకునేవాళ్లలో ఆ చోటనే ఇన్సులిన్ అమైలాయిడ్‌గా పేరుకోవచ్చు. కాంగో రెడ్ దానికీ పచ్చగానే వస్తుంది. షుగర్ పేషెంట్లు ఇంత ఎక్కువగా ఉన్న ఊళ్లో, ఇంజెక్షన్ గడ్డ నుంచి తీసిన కొవ్వును చూసి ఒళ్లంతా అమైలాయిడోసిస్ అని రాసేస్తే ఆ కుటుంబం పడే టెన్షన్ ఊహించండి.

రిపోర్ట్‌లో ఏం రాయాలి

కాంగో రెడ్ పాజిటివ్ అని మాత్రమే కాకుండా, పోలరైజ్డ్ లైట్‌లో పచ్చరంగు చూశారో లేదో, ఏ ఏ భాగాల్లో ఉందో, కంట్రోల్ సరిగా వచ్చిందో లేదో రాయండి. ఏ రకం అమైలాయిడ్ అన్నది ఈ స్టెయిన్ చెప్పదు. పూర్వం పొటాషియం పర్మాంగనేట్‌తో రకం చెప్పే ప్రయత్నం చేసేవారు. దాని మీద ఆధారపడకండి. లైట్ చెయిన్ (యాంటీబాడీ ముక్కల) రకమైతే కీమోథెరపీ వైపు వెళ్లాలి, ట్రాన్స్‌థైరెటిన్ అనే రక్త ప్రొటీన్ రకమైతే మందులు వేరు, టీబీ లాంటి దీర్ఘకాల జబ్బు వెనక వచ్చిన ఏఏ రకమైతే మూల జబ్బును అదుపు చేయాలి. తప్పు రకం చెబితే తప్పు వైద్యం జరుగుతుంది. అందుకే "రకం తేల్చడానికి ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ లేదా మాస్ స్పెక్ట్రోమెట్రీ అవసరం" అని ఒక వాక్యం తప్పక చేర్చండి. మొదటిది యాంటీబాడీలతో, రెండోది ప్రొటీన్ ముక్కల బరువుతో రకాన్ని గుర్తిస్తాయి. ఆ పరీక్ష కోసం బ్లాక్‌లో కణజాలం మిగల్చండి, మొత్తం కోసి అయిపోగొట్టొద్దు.

టెస్ట్‌ట్యూబ్‌లోని ప్రొటీన్ అయితే

యూనివర్సిటీల్లో ప్రాజెక్టు చేసే విద్యార్థులకు కణజాలం ఉండదు. లైసోజైమ్‌నో ఇన్సులిన్‌నో పీహెచ్ 2 దగ్గర 60 డిగ్రీల వేడిలో ఉంచి దారాలు తయారు చేస్తారు. వాళ్లకు థయోఫ్లావిన్ టీ అనే వెలుగు ఇచ్చే డై అనువైనది. దారాలకు అతుక్కుంటేనే బాగా వెలుగుతుంది. 440 నుంచి 450 నానోమీటర్ల వెలుగు ఇచ్చి 482, 485 నానోమీటర్ల దగ్గర కొలవండి. డై 10 నుంచి 20 మైక్రోమోలార్ ఉంటే చాలు. నల్లటి ప్లేట్ వాడండి. డైని చీకట్లో ఉంచి, వాడే ముందు 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి. ఆమ్లంలో తయారైన నమూనాను అలాగే కొలవకుండా, కొద్దిగా తీసి పీహెచ్ 7 నుంచి 8.5 మధ్య ఉన్న బఫర్‌లో డైతో కలిపి కొలవడం మంచిది.

అమైలాయిడ్‌ను ఆపే పదార్థం వెతికే ప్రాజెక్టుల్లో ఎవరో ఒకరు పసుపులోని కర్క్యుమిన్ తెస్తారు. కర్క్యుమిన్ కలపగానే సిగ్నల్ పడిపోతుంది, అందరూ సంతోషిస్తారు. కానీ కర్క్యుమిన్ తానే ఆ రంగు వెలుగును పీల్చుకుంటుంది, దారాల మీద డైకి పోటీగా కూడా వస్తుంది. దారాలు అలాగే ఉన్నా సిగ్నల్ తగ్గుతుంది. కాబట్టి ముందే తయారైన దారాలకు, కొలిచే క్షణంలో కర్క్యుమిన్ కలిపిన వెల్ (గుంత) ఒకటి ప్లేట్‌లో పెట్టండి. అక్కడా సిగ్నల్ పడిపోయిందంటే మీ పదార్థం కొలతను అడ్డుకుంటోంది, దారాలను ఆపిందని ఈ సిగ్నల్‌ను బట్టి చెప్పలేం. అప్పుడు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ గ్రిడ్ మీద దారాలు ఉన్నాయో లేవో చూసుకున్నాకే గైడ్‌గారికి ఆ గ్రాఫ్ చూపించండి.